ఆరో లెక్కలో లారీ

ఏదైనా ముట్టుకోబోయే ముందు బాబాయి రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకునేవాడు. తొడల మీద నుంచి మోకాళ్ళ దాకా, ఒక్కసారి. పుస్తకం తెరిచే ముందు. తలుపు తీసే ముందు. కంచం అందుకునే ముందు. అప్పుడే స్నానం చేసి వచ్చినా అంతే. చేతులకి ఏమీ ఉండేది కాదు. నాలుగేళ్ళు పట్టాళంలో, మోటారు షెడ్డులో పనిచేసిన చేతులు అవి. అంతకుముందు తండ్రి షెడ్డులో. గ్రీజు పోయింది, అలవాటు మిగిలింది.

అతను మాకెవరికీ బాబాయి కాడు. అతనికి ఇరవై ఒకటి, మాకు పదిహేడూ పద్దెనిమిదీ. మొదటి రోజు వరసలో నిలబెట్టినప్పుడు వెనకనుంచి ఎవరో, "బాబాయ్, కాస్త జరుగు" అన్నారు. జరిగాడు. ఆ జరగడంతో పేరు ఖాయమైపోయింది.

అది సైనిక అకాడమీలో నేరుగా సీటు రాని వాళ్ళ కోసం పెట్టిన సన్నాహక పాఠశాల. ఒక్క ఏడాది చదువు. లెక్కలు, సైన్సు, వ్యాసం, పరుగు. చివర పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. గట్టెక్కితే కొండ మీది అకాడమీ, లేకపోతే వచ్చిన దారి. మార్కులు కొద్దిలో తప్పి, ఇంకో ఏడాది సానపడితే పనికొస్తాడని ఎవరో రాసి పంపిన మాలాంటి వాళ్ళే ఎక్కువ. సిపాయిగా పనిచేస్తూ, పై అధికారి సిఫారసుతో మళ్ళీ పుస్తకం పట్టినవాడు ఆ ఏడు బాబాయి ఒక్కడే.

మేము తప్పితే ఇంకోసారి రాసుకోవచ్చు. బాబాయికి ఆ వీలు లేదు. అకాడమీలో చేరే రోజుకి ఇరవై రెండు నిండకూడదని నిబంధన. ఆ రోజు దాటిన పందొమ్మిదో రోజున అతనికి నిండుతాయి. గోడ మీది క్యాలెండరులో రెండు తేదీలకీ పెన్సిలుతో సున్నాలు చుట్టి పెట్టుకున్నాడు. మధ్యలో ఖాళీ గళ్ళు పద్దెనిమిది. పొద్దున్నే లేచి ముందు వాటి వంక చూసేవాడు.

గదిలో ముగ్గురం. బాబాయి, నేను, మేష్టారు. మేష్టారు నిజం మేష్టారు కాడు, మా ఈడువాడే. ఏ సంగతి అడిగినా మొదటినుంచీ చెప్పుకొస్తాడని ఆ పేరు పెట్టాం. మూడు ఇనప మంచాలు, మూడు రేకు పెట్టెలు, ఒక బల్ల. బల్ల మీద సిరా మరకలు మాకంటే పాతవి. ఉన్న ఒక్క కిటికీ లోంచి చూస్తే కింద బస్సు షెడ్డు.

బస్సు పాఠశాలది. రోజూ ఏడింటికి డ్రైవరు దాన్ని లేపి, ఊళ్ళోంచి టీచర్లని తీసుకురావడానికి వెళ్ళేవాడు. లేవగానే అది కీచుమని అరిచేది. ఆ అరుపుకి బాబాయి పుస్తకంలోంచి తలెత్తేవాడు.

"ఫ్యాన్ బెల్టు వదులైంది."

"పోయి బిగించరాదూ" అన్నాడు ఒకసారి మేష్టారు.

"పానా ముట్టుకోనని అక్కకి మాటిచ్చా. సీటు సంగతి తేలేదాకా."

"బండి ఆగిపోతే?"

"ఆగదు. ఊళ్ళోకి పోయి రావడానికి ఆ బెల్టు చాలు. కొండెక్కాలంటే చాలదు."

తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే పెంచింది. తర్వాత తండ్రి కళ్ళు మసకబారితే షెడ్డు కూడా అక్కే చేతుల్లోకి తీసుకుంది. తమ్ముడు బయల్దేరే రోజు అతని పనిముట్ల సంచి గోనెలో చుట్టి అటక మీద పడేసిందట. నిచ్చెన కూడా దాచేసిందట. ఆవిడ ఉత్తరాలు పోస్టుకార్డు మీద ఐదారు వాక్యాలు. బాబాయి పైకి చదివి వినిపించేవాడు. "నాన్న బాగున్నాడు. మీ బావ జాకీ కాలి మీద వేసుకున్నాడు, బొటనవేలే, పెద్దది కాదు. చదువుకో. పానా పట్టుకున్నావని తెలిసిందో, దాంతోనే నీ వీపు బిగిస్తా."

"పెద్దది కాదన్నది దెబ్బా, వేలా?" అని అడిగాడు మేష్టారు.

"బావ విషయంలో ఏదైనా పెద్దది కాదు అక్కకి."

ఏడాది మధ్యలో ఒక ఆదివారం ఇంటివాళ్ళని రానిచ్చేవాళ్ళు. స్టేషన్ నుంచి మా బస్సే వాళ్ళని తెచ్చింది. అక్క దిగింది. పొట్టిగా, గట్టిగా ఉంది. ఇస్త్రీ చేసిన బట్టలు, నూనె పెట్టి బిగించిన జడ. దిగుతూనే తమ్ముణ్ణి పలకరించకుండా డ్రైవరు వైపు తిరిగింది.

"బెల్టు వదులుగా ఉందే, చూసుకోలేదా?"

డ్రైవరు మా వంక చూశాడు. "ఇంటిల్లిపాదీ కలిసి నా బండికి దిష్టి పెడుతున్నారు. ఈ మనిషి రోజూ కిటికీలోంచి చూస్తాడు. ఇప్పుడు మీరా తల్లీ."

ప్రిన్సిపాల్ వచ్చినవాళ్ళనందరినీ పలకరిస్తూ, చెయ్యి కలుపుతూ వస్తున్నాడు. నెరిసిన మనిషి, పట్టాళంలో చేసి వచ్చినవాడు. అక్క ముందు ఆగి చెయ్యి చాచాడు. ఆవిడ అరచెయ్యి బట్టలకి తుడుచుకుని, పిడికిలి కిందికి వంచి, మణికట్టు అందించింది.

వాళ్ళ షెడ్డులో అందరూ అలాగే. అరచేతి నిండా గ్రీజు ఉంటుంది, ఎదుటివాడు తెల్లచొక్కా వేసుకుని వస్తాడు. అందుకని మణికట్టు ఇస్తారు. ఎదుటివాడు దాన్నే పట్టుకుని ఊపుతాడు. ప్రిన్సిపాల్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత మణికట్టు పట్టుకుని మర్యాదగా ఊపాడు.

"చేతులు కడుక్కునే వచ్చానండీ" అంది అక్క. "అలవాటు."

ఆ సాయంత్రం వెళ్ళేముందు ఆవిడ తమ్ముడి నోటు పుస్తకం అడిగి తీసుకుని, చేతులు తుడుచుకుని, మొదటి పేజీనుంచి చివరిదాకా తిరగేసింది. ఆవిడకి ఆ లెక్కలు తెలియవు. ఎర్రసిరా ఎక్కడెక్కడ ఉందో చూసింది. ముందు పేజీల్లో ఎక్కువగా, వెనక పేజీల్లో తక్కువగా ఉంది.

"తగ్గుతోంది" అంది. పుస్తకం మూసి ఇచ్చేసింది.

లెక్కల్లో అరవై రావాలి. అంతకు ఒక్కటి తగ్గినా మిగతా మార్కుల వంక చూడరు. మొదటి నెల బాబాయికి వచ్చినవి పందొమ్మిది. పరుగులో మాకందరికీ ముందుండేవాడు. సైన్సులో యంత్రాల పాఠం టీచరు అతన్నే చెప్పమనేది. అడ్డం పడింది లెక్కలే. అందులోనూ దూరం, కాలం లెక్కలు.

పొద్దున ఫలహారానికి ముందు గంటసేపు మేష్టారు చెప్పేవాడు, బాబాయి నేర్చుకునేవాడు. నా మంచం మీంచి వింటుండేవాణ్ణి.

"లారీ ఎత్తు మీద గంటకి పద్దెనిమిది కిలోమీటర్లు పోతుంది."

"బరువెంత?"

"బరువు ఇవ్వలేదు బాబాయ్."

"బరువు తెలీకుండా స్పీడెలా చెప్పారు?"

"చెప్పారు. మనం ఒప్పుకోవాలి."

"ఎవరు తోలారు దాన్ని?"

"ఎవరూ తోలలేదు. లెక్క అది."

"అదే అంటున్నా. ఎవరూ తోలలేదు కాబట్టే అలా ఉంది."

మేష్టారు తలకొట్టుకునేవాడు. బాబాయి నవ్వేవాడు కాదు. అతనికి అది నిజంగానే అర్థం కాలేదు. తొట్టి నిండే లెక్కలోనూ అంతే. ఒక కుళాయి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పుడు నిండుతుంది అంటే, ముందు ఆ రెండోది కట్టేయమనేవాడు.

చివరికి లెక్కల మేడం ఒకరోజు అతన్ని బల్ల దగ్గరికి పిలిచింది. చిన్న గొంతు ఆవిడది. క్లాసంతా చెవులు రిక్కించాలి.

"లెక్కలో లారీ ఆగదు నాయనా. వేడెక్కదు. టైరు పగలదు. డ్రైవరు టీ తాగడు. ఇంతే గుర్తుపెట్టుకో."

బాబాయి చేతులు తుడుచుకుని, నోటు పుస్తకం అట్ట లోపల రాసుకున్నాడు. 'లారీ ఆగదు.' కింద గీత గీశాడు.

అప్పటినుంచి ఎర్రసిరా తగ్గింది. పందొమ్మిది ముప్పైనాలుగు అయింది, నలభై ఎనిమిది అయింది. ఆకులు రాలే రోజుల్లో యాభై ఆరు. పరీక్షకి ముందు నెల అరవై మూడు. ఆ కాగితం అక్కకి పంపాడు. జవాబు కార్డులో ఒకటే వాక్యం. "నాన్న నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు."

ఆ ఏడాదిలో నాకు బాగా గుర్తున్నది ఆ పొద్దుటి గంటే. చలికాలం కిటికీ అద్దం మీద మా ఊపిరి ఆవిరి పట్టేది. మేష్టారు ఆ ఆవిరి మీద వేలితో లారీ గీసేవాడు. బాబాయి దానికి వెనక చక్రాలు రెండు సరిపోవని ఇంకో రెండు గీసేవాడు. కింద బస్సు కీచుమనేది. బాబాయి తలెత్తేవాడు, మళ్ళీ దించేవాడు. ఇన్నేళ్ళ తర్వాత ఈమధ్య ఆ దారిన పోతూ లోపలికి వెళ్ళి చూశాను. గదులు కలిపేసి పెద్ద హాలు చేశారు. కిటికీ మాత్రం ఉంది. దగ్గరికి వెళ్ళి అద్దం మీద ఊపిరి వదిలాను. ఎండాకాలం, ఏమీ పట్టలేదు.

పరీక్ష అయ్యి బయటికి వచ్చినప్పుడు బాబాయి ముఖం వెలుగుతోంది. మెట్ల మీద కూర్చుని మేష్టారు ప్రశ్నపత్రం విప్పాడు. ఒక్కొక్కటీ సరిచూసుకుంటున్నాం. ఒకటి సరే. రెండు సరే. మూడోదాంట్లో నాది తప్పు, బాబాయిది సరే. నన్ను మోచేత్తో పొడిచాడు.

"ఆరోది?" అన్నాడు మేష్టారు.

"నాలుగు గంటల ఇరవై నిమిషాలు."

మేష్టారు కాగితం వంక చూశాడు. చదును మీద తొంభై కిలోమీటర్లు, గంటకి నలభై ఐదు. ఎత్తు మీద ముప్పై, గంటకి పద్దెనిమిది. మూడు గంటల నలభై నిమిషాలు. మేష్టారు ఏడోదానికి పోలేదు.

"ఏం?" అన్నాడు బాబాయి.

"ఆ నలభై నిమిషాలు ఎక్కడివి?" అన్నాను.

"ముప్పై కిలోమీటర్ల ఎత్తురా. రెండు చోట్ల ఆపి చల్లార్చాలి. చోటుకి ఇరవై. ఈసారి బరువిచ్చారు చూడు." వేలు పెట్టి చూపించాడు. 'పది టన్నుల బరువుతో బయలుదేరిన లారీ' అని ఉంది. "ఇన్నాళ్ళకి బరువిచ్చారు. ఈసారి ఎవరో నిజంగా తోలారనుకున్నా."

అని ఆగాడు. కాగితం మీంచి వేలు తీశాడు.

"లారీ ఆగదు కదూ."

ఐదు మార్కుల లెక్క. మేష్టారు మిగతావన్నీ కూడి, "అయినా అరవై రెండు వస్తాయి బాబాయ్, ఖాయం" అన్నాడు. అంత ఖాయంగా మేష్టారు ఎప్పుడూ మాట్లాడడు.

మూడు వారాలకి ఇంటర్వ్యూ. లోపల ముగ్గురు అధికారులు. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. బాబాయి వెళ్ళాడు, అరగంట ఉన్నాడు, బయటికి వచ్చి గోడకి ఆనుకున్నాడు.

"అయిపోయింది" అన్నాడు.

"బాగా అయిందా?"

"చెయ్యి చాచాడు, పెద్దాయన. నేను తుడుచుకుని మణికట్టిచ్చా."

మేష్టారు నోరు తెరిచాడు.

"ఆయనేం చేశాడు?"

"పట్టుకున్నాడు. డాక్టరు నాడి చూసినట్టు పట్టుకుని కూర్చున్నాడు. నేనూ తియ్యలేదు. ఆయన వదలాలి కదా."

మేమిద్దరం నవ్వాపుకోలేకపోయాం. బాబాయి కూడా కాస్త నవ్వాడు. తర్వాత అడిగితే లోపలి సంగతులు చెప్పాడు. ఆఫీసరువి ఎందుకు కావాలనుకున్నావని అడిగారట. మోటారు షెడ్డులో ఎవరేం చెప్పినా చేస్తాం సర్, ఆ చెప్పేవాడికి బండి తెలిసుంటే బాగుండునని అనిపించేది, అన్నాడట. చాలా రోజులు మా భయమంతా మణికట్టు గురించే. ఆరో లెక్క ఊసు ఎవరమూ ఎత్తలేదు.

అకాడమీలో చేరే రోజుకి ముందు సాయంత్రం జాబితా ఆఫీసు బయట బోర్డు మీద పెట్టారు. ముప్పై మందిమి నెగ్గాం. బాబాయి చేతులు తుడుచుకుని, తన వరస మీద వేలు పెట్టి అడ్డంగా జరిపాడు. పరుగు, మొదటివాడు. సైన్సు, మూడోవాడు. ఇంటర్వ్యూ, అందరికంటే ఎక్కువ. లెక్కలు, యాభై ఏడు.

"అయితే మణికట్టు వల్ల కాదన్నమాట" అన్నాడు.

మేష్టారు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "మళ్ళీ దిద్దమని అర్జీ పెడదాం బాబాయ్. మేడంతో చెబుదాం. నువ్వు రాసినదాంట్లో..."

"తప్పేగా రాసింది."

"తప్పంటే..."

"నోరు మూసుకుని పోయి పెట్టె సర్దుకోరా."

ఏడాది మొత్తంలో అతను గొంతు పెంచడం అదొక్కసారే. మేష్టారు వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. ఆఫీసు గుమాస్తా టెలిఫోను వాడుకోమన్నాడు. షెడ్డు పక్క దుకాణానికి చేసి, అక్కని పిలిపించుకున్నాడు.

"అక్కా. రాలేదు."

విన్నాడు.

"మూడు."

విన్నాడు.

"ఆఁ. ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా."

చాలాసేపు విన్నాడు. "నాన్నకి నువ్వే చెప్పు" అని పెట్టేశాడు. టెలిఫోను చేతులు తుడుచుకోకుండానే పట్టుకున్నాడని అప్పుడు గమనించాను.

"ఏమంది?"

"ఇక ముట్టుకోవచ్చంది."

గదికి వచ్చి క్యాలెండరు మేకు మీంచి తీసి, చుట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు. మేష్టారు గోడవైపు తిరిగి బట్టలు మడతపెడుతున్నాడు. కాసేపటికి బాబాయి, "ఒరేయ్, సబ్బుందా? నాది అరిగిపోయింది" అన్నాడు. మేష్టారు వెనక్కి తిరక్కుండానే సబ్బు విసిరాడు.

తర్వాతి కథ చెప్పడానికి ఎక్కువ లేదు. అతను మళ్ళీ మోటారు షెడ్డుకే వెళ్ళాడు. అక్కడే పెద్ద మేస్త్రీ అయ్యాడు. పట్టాళం వదిలాక అక్కతో కలిసి తండ్రి షెడ్డు నడిపాడు. నాకు ఏడాదికో పోస్టుకార్డు రాసేవాడు, ఐదారు వాక్యాలు. కార్డు మూల గీసే లారీ బొమ్మకి ఎప్పుడూ వెనక నాలుగు చక్రాలు ఉండేవి. నేను ఉద్యోగంలో ఎన్నో బళ్ళు ఎక్కాను, ఎన్నింటికో హుకుములు ఇచ్చాను. ఇచ్చే ముందు ఒకసారి పక్కనున్న మెకానిక్కుని అడగడం నేర్చుకున్నది మాత్రం ఆ గదిలోనే. అయితే ఆ మర్నాటి పొద్దు గురించి చెప్పాలి.

తొమ్మిదింటికల్లా కొండ మీద ఉండాలి. మామూలుగా అరగంట దారి. బస్సు పైన ముప్పై పెట్టెలు ఎక్కించి తాడు కడుతున్నారు. ఏడున్నరకి డ్రైవరు బండి లేపాడు. కీచుమంది. మెట్లు దిగి బాబాయి వచ్చాడు. యూనిఫారం కాదు, పాత ఖాకీ ప్యాంటు, బనియను.

"పదమూడో నంబరు పానా ఉందా?"

"మళ్ళీ మొదలెట్టావా" అన్నాడు డ్రైవరు. "మీ అక్క తిడుతుందేమో."

"అక్కే పంపింది."

డ్రైవరు అతని ముఖం చూసి, సీటు కిందనుంచి పానా తీసి ఇచ్చాడు. బాబాయి చేతులు తుడుచుకుని పానా అందుకున్నాడు. బానెట్టెత్తి లోపలికి వంగాడు. బోల్టు వదులు చేసి, బెల్టు బిగిసేలా డైనమోని ఇనప కడ్డీతో వారకి లాగి పట్టుకుని, మళ్ళీ బిగించాడు. బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు. పది నిమిషాలు పట్టలేదు.

"ఇప్పుడు లేపు."

బండి లేచింది. అరవలేదు. డ్రైవరు ఇంజను వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ దీని గొంతే అంత అనుకున్నా" అన్నాడు.

బాబాయి వెనక్కి పోలేదు. రెండు నీళ్ళ డబ్బాలు లోపల పెట్టి, ఎక్కి, డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద కూర్చున్నాడు. "బరువుంది. సగం దారిలో ఆపాలి."

"ఆపితే తొమ్మిది దాటదూ?"

"దాటదు. లెక్కేసుకున్నా."

ఎనిమిదింటికి కదిలాం. ఎత్తు మొదలయ్యాక బండి వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. మూడో మలుపులో బానెట్టు అంచుల్లోంచి సన్నగా ఆవిరి వచ్చింది. బాబాయి చెయ్యెత్తాడు, డ్రైవరు ఆపాడు. చక్రాలకి రాళ్ళు పెట్టి అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. కింద పాఠశాల కనిపిస్తోంది, అగ్గిపెట్టంత. బాబాయి తొందరపడలేదు. ఇంజను చిటపటలు తగ్గేదాకా ఆగి, తడిగుడ్డతో రేడియేటర్ మూత తిప్పి, నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు.

మేష్టారు గడియారం చూసుకున్నాడు.

"చూడకురా" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా. "లెక్కలో ఆగదు."

మేష్టారు గడియారం ఉన్న చేతిని జేబులో పెట్టుకుని కొండ వైపు తిరిగాడు.

తొమ్మిదికి ఇంకా పదిహేను నిమిషాలుండగా గేటు ముందు ఆగాం. కాపలావాడు జాబితా పట్టుకుని వచ్చాడు. జాబితాలో లేనివాళ్ళు లోపలికి పోకూడదు. బాబాయి ఖాళీ డబ్బాలు తీసుకుని దిగాడు. మేమూ దిగి, ఒక్కొక్కరం చెయ్యి చాచాం. అతను రెండు చేతులూ చూసుకున్నాడు. నల్లగా ఉన్నాయి, గోళ్ళ దాకా. డబ్బాలు కింద పెట్టి, పిడికిలి వంచి మణికట్టిచ్చాడు. ముప్పై మందిమి ఒకరి తర్వాత ఒకరం పట్టుకుని ఊపాం. మేష్టారు చివర. ఎంతకీ వదల్లేదు.

"నాడి బాగానే ఉందా?" అన్నాడు బాబాయి.

మేము మళ్ళీ ఎక్కాక బస్సు గేటు దాటింది. డ్రైవరు తిరిగొచ్చేదాకా ఆగమన్నాడు కానీ అతను ఆగలేదు. వెనక కిటికీలోంచి చూశాను. చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఖాకీ మీద ఈసారి రెండు నల్లటి చారలు పడ్డాయి. డబ్బాలు అందుకుని, రోడ్డు వారగా కొండ దిగిపోయాడు.